మత్తయ్య వాకిట్లో ఐర్లాండు వంశం

తాండూరులో నాకు ఇంగ్లీషు వచ్చునన్న సంగతి మీద నాకంటే ఊరి జనానికే ఎక్కువ నమ్మకం. అదే నా కొంప ముంచింది. 1972 వానకాలంలో ఒకనాడు స్టేషన్ మాస్టర్ నేను పాఠాలు చెప్పే బడికి మనిషిని పంపి నన్ను పిలిపించి, ఒక కవరు చేతిలో పెట్టాడు. దాని మీద "స్టేషన్ మాస్టర్, తాండూరు, నిజాం రాజ్యం" అని రాసి ఉంది. నిజాం రాజ్యం పోయి ఇరవై నాలుగేళ్లయింది. తపాలా వాళ్లు ఆ సంగతి పట్టించుకోకుండా ఉత్తరం తెచ్చి ఇచ్చారు.

రాసిన ఆయన పేరు ఫెర్గస్ టీలింగ్. ఉండేది ఐర్లాండు దేశం, డబ్లిన్ నగరం. ఇతరుల తాతముత్తాతలను వెతికి పెట్టడం ఆయన వృత్తి. నోరా హెగార్టీ అనే డెబ్బై అయిదేళ్ల ముసలావిడ తన పెదనాన్న ఏమయ్యాడో కనిపెట్టమని ఆయనకు పని అప్పగించిందట. ఆ పెదనాన్న థామస్ హెగార్టీ తాపీ మేస్త్రీ. ఇక్కడ రైలు దారి వేసిన కాలంలో కాగ్నా నది మీద వంతెన పనికి వచ్చాడు. 1881లో తాండూరు నుంచి ఇంటికి ఒక్క ఉత్తరం రాశాడు: "ఇక్కడే పెళ్లి చేసుకున్నాను. కొడుకు పుట్టాడు." అంతే, ఆ తర్వాత మాటా లేదు, పలుకూ లేదు. ఆ కొడుకు సంతానం ఎవరైనా అక్కడ ఉన్నారా అని టీలింగ్ అడిగాడు.

నేను ఆలోచించి ఉండవలసింది. ఆలోచించలేదు. స్టేషన్ బల్ల మీదే కాగితం తీసుకుని "ఉన్నాడు, దొరికాడు" అని రాసి పంపేశాను. ఎందుకంటే మా ఊళ్లో మత్తయ్య ఉన్నాడు, మత్తయ్యకు పిల్లికళ్లు ఉన్నాయి.

మత్తయ్య నాపరాళ్ల గనిలో బండలు కొట్టేవాడు. ఊళ్లో సగం ఇళ్లలో గచ్చు అతను పరిచిందే. అప్పటికి నలభై ఏళ్లుంటాయి. నల్లటి మనిషి, కళ్లు మాత్రం తేనె రంగు. "ఏం తెల్లదొర మనుమడా" అని జనం ఎకసెక్కాలాడితే నవ్వి ఊరుకునేవాడు. తండ్రి ఎల్లప్ప చిన్నప్పుడే పోయాడు. తాత లింగడు పాత తాండూరు పటేల్ ఇంట్లో జీతగాడుగా చేసి చనిపోయాడు. అంతకు పైన ఎవరో మత్తయ్యకు తెలియదు.

ఉత్తరం సంగతి చెప్పగానే ఎగిరి గంతేస్తాడనుకున్నాను. అతను ఉలిని పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"అంటే సార్, నాకు గూడ ముత్తాతలు ఉన్నరన్నట్టేనా?"

"ముత్తాతలు లేకుండా నువ్వెట్ల పుట్టినవయ్యా?"

"గట్ల గాదు సార్. పేర్లున్న ముత్తాతలు."

అప్పుడు చెప్పాడు. రెండేళ్ల కింద పటేల్ వాకిట్లో బండలు పరుస్తుంటే హెళవ దేవప్ప వచ్చాడట. హెళవలంటే ఇంటింటి వంశం నోటికి చదివే వాళ్లు. చించోళి వైపు నుంచి, గంటలు కట్టిన ఎద్దు మీద, కందులు ఇంటికి వచ్చిన తర్వాత ఏటా వస్తారు. ఫలానా ఆయన కొడుకు ఫలానా అంటూ తరతరాల పేర్లు పాడి, గింజలూ కంబళీ పుచ్చుకుని పోతారు. దేవప్ప పాడుతుంటే మత్తయ్య సుత్తి ఆపి విన్నాడు. "నీ పేర్లా అవి, పని జెయ్" అని పటేల్ కసిరాడు.

"నా వాకిట్ల ఒక్కసారి చదివితే మస్తు సార్. ఐర్లాండు గియర్లాండు నాకెందుకు? నా పిల్లలు వినాలె, గంతే" అన్నాడు. నాకు మనసు కదిలింది. ఎలాగైనా ఈ మనిషిని ఐరిష్ వాణ్ణి చేసి తీరాలని నిశ్చయించుకున్నాను.

టీలింగ్ రుజువులు అడిగాడు. ఇద్దరం ప్యాసింజరు బండెక్కి వికారాబాద్ పోయాం. లింగడు కిరస్తానం పుచ్చుకున్న అక్కడి పాత చర్చిలో బాప్తిస్మం పుస్తకాలు చూసే గుమస్తా బాల్‌రాజ్ ఒక లావుపాటి పుస్తకాన్ని దులిపి, మూడు తుమ్ములు తుమ్మి, పేజీ తీశాడు. 1911లో లింగడు పేరు దొరికింది. వయసు ముప్పై, వృత్తి కూలి. తండ్రి పేరు రాయవలసిన గడిలో అడ్డగీత.

మత్తయ్య ఆ గీత మీద వేలు పెట్టి రుద్దాడు, కింద ఏమైనా ఉందేమోనని. నేను మాత్రం ఎగిరి గంతేశాను. తండ్రి పేరు లేదంటే దాచారన్నమాట. దాచారంటే ఆ తండ్రి దొర అన్నమాట. ఇంతకంటే రుజువేం కావాలి? ఆ పేజీలో ఇరవై మూడు పేర్లుంటే ఇరవై మూడింటికీ అడ్డగీతే ఉంది. నా లెక్కన మత్తయ్య వాడంతా ఐరిష్ వాళ్లే కావాలి. ఆ ముక్క నాకు తట్టలేదు. బాల్‌రాజ్‌కు తట్టిందేమో, నా వైపు అదోలా చూశాడు.

టీలింగ్ అడ్డగీతకు లొంగలేదు. "కాగితాలు లేని చోట స్థానికంగా వృత్తిరీత్యా వంశాలు చూసే నిపుణుడు ఎవరైనా ఉంటే వారి సాయం తీసుకోండి" అని రాశాడు. డబ్లిన్‌లో ఆయన ఎవరిని ఊహించుకున్నాడో గానీ, మాకు ఉన్నది దేవప్ప ఒక్కడే. ఆయన కందులు ఇంటికొస్తే గాని రాడు. "మా నిపుణుడు పంట చేతికొచ్చాక దయచేస్తారు" అని జవాబు రాశాను.

మాఘంలో దేవప్ప వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి, ఎద్దు దిగకుండానే మాట్లాడతాడు. మత్తయ్య వాకిట్లో వంశం చదవాలనగానే తల అడ్డంగా ఊపాడు.

"మత్తయ్య ఇల్లా? మీ వాడల నా ఎద్దు ఆగదు సార్. మా తాతలనాటి కట్టు."

"మత్తయ్య తెల్లదొర మునిమనుమడట."

దేవప్ప చప్పున ఎద్దు దిగాడు. "దొరల వంశమా? గా ముచ్చట ముందుగాల జెప్పొద్దా! దొరలది పెద్దిల్లు. పెద్దిల్లయితే చదువొచ్చు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎల్లప్ప కొడుకుదైతే పనికిరాని గుమ్మం థామస్ మునిమనుమడిదైతే పనికొచ్చిందా అని నిలదీయబోయాను. మత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఎట్లైతేంది సార్. ఆయనొస్తే సాలు."

ఇక మొదలైంది తంతు. దేవప్ప అడగడం, నేను ఇంగ్లీషులో రాయడం, టీలింగ్ జవాబివ్వడం, దేవప్ప ఏడాదికొకసారి వచ్చి వినడం. ఊరెక్కడ? ఐర్లాండులో కార్కు సీమ. ఇంటి దేవుడెవరు? సెయింట్ బ్రిజిడ్ అనే పుణ్యాత్మురాలు, పాడి పశువులను కాపాడుతుంది. "మంచి దేవతే" అన్నాడు దేవప్ప. ఎడ్లెన్ని? ఎడ్లు లేవు, పదకొండు ఆవులు, ఒక గాడిద. దాని పేరు కూడా నోరా హెగార్టీ జ్ఞాపకం చేసుకుని రాసింది. దేవప్ప ముఖం చిట్లించి, "గాడిద ముచ్చట వంశంల వద్దు" అని తీసేయించాడు.

ఒక ఉత్తరంలో టీలింగ్ ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. ఐర్లాండులో కూడా ఒకప్పుడు దేవప్ప లాంటి వాళ్లు ఉండేవారట, పెద్ద ఇళ్ల వంశాలు నోటికి చదివి ఆవులు బహుమానం పొందేవారట. మూడు వందల ఏళ్ల కిందటే అది ఆగిపోయిందట. చదివి వినిపిస్తే దేవప్ప జాలిపడ్డాడు.

"మూడు వందల ఏండ్లకెల్లి పని లేకుంట కూసున్నరా పాపం? టీలింగుకు ఎద్దు గూడ లేదా?"

"లేదు. కుర్చీ, బల్ల ఉన్నాయి."

"మరి ఎట్ల తిరుగుతడు?"

చివరికి దేవప్ప ఒక షరతు పెట్టాడు. కొత్త ఇల్లు చదవాలంటే ఆ వంశంలో బతికున్న వాళ్లలో అందరికంటే పెద్దవాళ్లు కంబళి ఇవ్వాలి. అంటే నోరా హెగార్టీ. సిగ్గు విడిచి రాశాను. ఆవిడ మారు మాట లేకుండా గోధుమరంగు ఉన్ని కంబళి పంపింది. బొంబాయిలో కస్టమ్స్ వాళ్లు అది ఎందుకో, ఎవరికో చెప్పమని ఫారం పంపారు. "వంశం చదివినందుకు హెళవ గారికి" అని నింపాను. తొమ్మిది నెలలు పట్టింది.

1975 ఫిబ్రవరిలో ముహూర్తం కుదిరింది. ఊరందరి ఇళ్లకూ బండలు పరిచే మత్తయ్య మొదటిసారి తన వాకిట్లో ఒక బండ వేసుకున్నాడు, దేవప్ప కూర్చోవడానికి. మూడు రోజులు దాన్నే నున్నగా చేశాడు. భార్య మొగులమ్మ వాకిలి అలికి, ముగ్గురు పిల్లలకూ నూనె రాసి దువ్వింది. ఇస్త్రీ లేని తెల్లచొక్కాలో మత్తయ్య పెళ్లికొడుకు కంటే ఎక్కువ కంగారు పడుతున్నాడు.

నేను బయలుదేరుతుండగా తపాలా మనిషి ఎదురొచ్చాడు. టీలింగ్ ఉత్తరం. నడుస్తూనే చింపాను. పాత ఓడల ప్రయాణికుల పట్టీలో థామస్ హెగార్టీ దొరికాడట. 1883లో భార్యతో, కొడుకుతో బొంబాయిలో ఓడెక్కి ఆస్ట్రేలియా పోయాడు. ఆ కొడుకు సంతానం ఇప్పుడక్కడ గొర్రెలు పెంచుతున్నారు, ఫోటో కూడా జతపరిచాడు. ఎర్రగా ఉన్న పద్నాలుగు మంది నన్ను చూసి నవ్వుతున్నారు. "మీ మిత్రునికి నా విచారం తెలపండి" అని ముగించాడు.

రెండున్నరేళ్లుగా నేను ఊదిన బుడగ ఇది, నేనే పగలగొట్టాలి. వాడకు చేరేసరికి దేవప్ప అప్పుడే మొదలుపెట్టాడు. నున్నటి బండ మీద కూర్చుని, ఐర్లాండు కంబళి భుజాన వేసుకుని, చెవి మీద చెయ్యి పెట్టి గొంతెత్తి పాడుతున్నాడు. "కార్కు సీమ హెగార్టీ వారు, పదకొండు ఆవుల మందవారు! పాట్రిక్కప్ప కొడుకు మైకేలప్ప, మైకేలప్ప కొడుకు తామసప్ప..." వాడంతా నోరు తెరుచుకుని వింటోంది. మత్తయ్య చేతులు కట్టుకుని నిలబడి ఏడుస్తున్నాడు.

నేను మత్తయ్య చెవిలో చెప్పాను. అతను కళ్లు తుడుచుకున్నాడు.

"గట్టిగ చెప్పుండ్రి సార్. ఆయనకు గూడ తెల్వాలె గద."

గట్టిగా చెప్పాను. పాట ఆగింది. మొగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవప్ప లేచి, కంబళి తీసి మడిచి బండ మీద పెట్టాడు. "గిది దొరలింటి సొమ్ము. నేను చదివిన ఇల్లు ఇది గాదు" అని ఎద్దు తాడు అందుకున్నాడు. పిల్లికళ్లు చూసి వంశం కట్టిన నన్ను ఒక్క మాటన్నాడు: "ఊరి పిల్లులన్నిటిని ఐర్లాండు తోలుండ్రి సార్." పడవలసిన మాటే, పడ్డాను.

మత్తయ్య ఎద్దుకు అడ్డం పోయి నిలబడ్డాడు.

"దొరల పేర్లు వద్దు దేవప్పా. మా తాత లింగడు పటేల్ ఇంట్ల జీతమున్నడు. నువ్వు ఏటేటా ఆడికి వస్తివి. మా తాతను సూసినవా?"

దేవప్ప ఎద్దు మెడ మీద చెయ్యి వేశాడు.

"ఎందుకు సూడలె? నేను పటేల్ వంశం చదివినన్ని దినాలు నా ఎద్దుకు మేతేసింది లింగడే. మా అయ్య ఎద్దుకు లింగడి అయ్య సాయన్న ఏసిండు. మా తాత ఎద్దుకు సాయన్న అయ్య బుడ్డన్న. ఎద్దుకు మేతేసినోని పేరు మర్వొద్దని మా ఇంట్ల కట్టు."

వికారాబాద్ పుస్తకంలో అడ్డగీత ఉన్న చోట రెండు పేర్లు అలా నిలబడ్డాయి. నాకు ముందు ఆనందం కాదు, కోపం వచ్చింది. "ఇన్నేళ్లూ తెలిసి ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"చెప్పమని ఎవ్వరడిగిండ్రు సార్?" అన్నాడు. అని తల దించుకున్నాడు.

మొగులమ్మ లోపలికి పరుగెత్తి చేటనిండా జొన్నలు తెచ్చి బండ ముందు పెట్టింది. దేవప్ప వాటిని చూశాడు, మత్తయ్యను చూశాడు, ఎద్దును వదిలి వచ్చి మళ్లీ కూర్చున్నాడు. చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. పటేల్ ఇంట్లో 'వాడు, వీడు' అని పిలిచిన మనుషులను ఆయన 'అప్ప' అని పిలిచాడు. "బుడ్డప్ప కొడుకు సాయప్ప, సాయప్ప కొడుకు లింగప్ప, లింగప్ప కొడుకు ఎల్లప్ప, ఎల్లప్ప కొడుకు మత్తయ్య ఇల్లు సల్లగుండ!" తమలపాకు నమిలినంత సేపు కూడా పట్టలేదు. అయిపోయింది.

"మల్ల జెప్పు" అన్నాడు మత్తయ్య.

దేవప్ప మళ్లీ చెప్పాడు.

"ఇంకొక్కపారి."

"నాలుగు తరాలే గదరా అయ్యా, ఎన్నిమాట్ల చదవాలె?"

"పటేల్ వాకిట్ల పన్నెండు తరాలు చదువుతవు. నాయి నాలుగు మూడుమాట్ల జెప్పు, సరిపోతది."

దేవప్ప కాదనలేకపోయాడు. మూడోసారి "బుడ్డప్ప కొడుకు" అని ఎత్తుకున్నాడో లేదో, మత్తయ్య పిల్లలు ముగ్గురూ "సాయప్ప!" అని అరిచారు.