అక్షరక్రమంలో వెర్నన్ హాగెన్

టామరాక్ ఫాల్స్ పురపాలక కార్యాలయంలో ఇళ్ల కట్టడాలకు అనుమతులిచ్చే గుమాస్తా వెర్నన్ హాగెన్‌కి పక్షపాతమంటే గిట్టదు. ఆ ఒక్క సుగుణంతోనే పదకొండేళ్లుగా సగం ఊరిని ఏడిపిస్తున్నాడు. ఆ సంగతి తెలియనిది అతనొక్కడికే.

మిన్నెసోటాలో ఫిబ్రవరి మంచుకి కొత్త ఇల్లు కట్టుకునే నాథుడుండడు. పదకొండేళ్ల కిందట అలాంటి ఒక ఫిబ్రవరిలో వెర్నన్ పనిలేక తన ఇన్‌బాక్స్‌ని తీర్చిదిద్దడానికి కూర్చున్నాడు. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసేవాళ్లు కూడా అంత శ్రద్ధ పెట్టరు. అక్షరాలు పెద్దవి చేశాడు. చదవని మెయిళ్లకు ముదురు నీలం వేశాడు. మెయిల్ తెరవకుండానే లోపలి రెండు ముక్కలు చూపించే కిటికీ మూసేశాడు, ముందే చూస్తే మనసు ఒకవైపు మొగ్గుతుందట. విషయం చెప్పే కాలమ్ తీసేశాడు, జాలి పుడుతుందట. తేదీ కాలమ్‌ని నొక్కి నొక్కి సన్నటి గీత చేశాడు. చివరికి మిగిలింది పంపినవాళ్ల పేరు, అదీ ఇంటిపేరు ముందుగా, ఎ నుంచి జడ్ దాకా అక్షరక్రమంలో.

"తేదీ ప్రకారం పెడితే ముందు పరుగెత్తుకొచ్చినవాడిదే రాజ్యం. అక్షరాలకి చుట్టరికాలుండవు," అన్నాడు, పక్క బల్ల దగ్గర నీటి బిల్లులు చూసే బెర్నడెట్‌తో.

"బాగానే ఉందయ్యా. ప్రతి సోమవారం మళ్లీ పైనుంచే మొదలుపెడతావు కదా, మరి అడుగున ఉన్నవాళ్ల గతేంటి?"

"వాళ్ల వంతు వాళ్లకొస్తుంది."

"ఎప్పుడు?"

"వచ్చినప్పుడు."

బెర్నడెట్ మళ్లీ తన బిల్లుల వైపు తిరిగింది. ఆ ఊళ్లో అంతకన్నా గట్టిగా అడిగితే తిట్టినట్టే లెక్క.

వెర్నన్ కష్టజీవి. సోమవారం పొద్దున ఎ అక్షరంతో మొదలుపెట్టి, మధ్యలో కొత్తగా వచ్చిపడే ఎ, బి, సి లను కూడా మన్నించి, శుక్రవారం సాయంత్రానికి ఎమ్ దాకా చేరుకునేవాడు. సోమవారం మళ్లీ ఎ. ఇన్నేళ్లలో ఒక్క ఫిర్యాదు రాలేదని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకునేవాడు.

అతని జాబితాలో ఎప్పుడూ అగ్రతాంబూలం ఔనె ఆహో అనే ఆవిడది. వెర్నన్ కాపురం పక్క ఊళ్లో కాబట్టి ఆవిడని కళ్లతో చూడలేదు గానీ, మనసులో గుడి కట్టాడు. పదకొండేళ్లలో ఆవిడ పద్నాలుగు వరండాలు, తొమ్మిది కారు షెడ్లు, మూడు ఆవిరిస్నానాల గదులు కట్టించింది, ఒక్కోటి ఒక్కో వీధిలో. ఊరంతా ఇళ్లున్న కోటీశ్వరురాలు కాబోలనుకున్నాడు.

ఈ ఏడు సెప్టెంబరు రెండున జోరా జెలెంకా అనే ఆవిడ మెయిల్ పెట్టింది. భర్త మిలోకి పక్షవాతం వచ్చింది, చక్రాల కుర్చీ తప్పదు. వాకిట్లో మెట్ల పక్కన ఏటవాలు బాట కడితే గానీ పునరావాస ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపరు. బాటకి స్తంభాలు పాతాలి, నవంబరు నడిమికి నేల రాయిలా గడ్డకడుతుంది, అప్పుడిక ఏప్రిల్ దాకా గునపం దిగదు. ఇదంతా రాసి, చివర "మీ వీలునుబట్టే" అని చేర్చింది. ఇంటిపేరు జడ్‌తో మొదలు కాబట్టి మెయిల్ వెళ్లి జాబితా అట్టడుగున కూర్చుంది. తర్వాత ఆవిడవే ఇంకో నాలుగు వెళ్లి దానికి తోడు కూర్చున్నాయి.

అక్టోబరు ఇరవైన ఆవిడే నిమ్మకాయ కేకు ముక్కలు పట్టుకుని కార్యాలయానికొచ్చింది.

"మీ మెయిల్ వరసలోనే ఉందండీ," అన్నాడు వెర్నన్, ఒక ముక్క నోట్లో వేసుకుంటూ.

"అయ్యో, తొందరేం లేదండీ వెర్నన్ గారూ. నేల గడ్డకట్టేలోపు అయితే చాలు. కాకపోయినా... ఏదో ఒకటి చూసుకుంటాంలెండి."

తొందర లేదని ఆవిడే అంది కదా. వెర్నన్ మనసు కుదుటపడింది, రెండో ముక్క తీసుకున్నాడు. బెర్నడెట్ మాత్రం కుర్చీ వెనక్కి నెట్టి లేచి, "రండమ్మా, కారు దాకా వస్తాను," అంటూ ఆవిడ వెంట బయటికి నడిచింది.

మర్నాడు ఎనిమిదింటికి జాబితా నెత్తిన ఔనె ఆహో మెయిల్ తళతళలాడింది. చక్రాల కుర్చీకి ఏటవాలు బాట, బర్చ్ వీధి, నూట పద్నాలుగో నంబరు. వెర్నన్ నక్షా చూసి, కొలతలు చూసి, తొమ్మిది నిమిషాల్లో అనుమతి ఇచ్చాడు.

"చూశావా బెర్నడెట్, పద్ధతంటే ఇదీ."

"కళ్లారా చూస్తున్నానయ్యా," అంది బెర్నడెట్.

తనిఖీలకు వెళ్లే ఉద్యోగి పోయిన నెలే పదవీ విరమణ చేశాడు. అందుకని నవంబరు మూడున కొలత టేపు పట్టుకుని వెర్నన్ స్వయంగా బయల్దేరాడు. ఆహో గారిని చూడబోతున్నానని ఇస్త్రీ చొక్కా కూడా వేసుకున్నాడు. తలుపు తీసింది జోరా.

"ఇది ఆహో గారిల్లు కదండీ?"

జోరా ముఖం ఎర్రబడింది. "కాదండీ, మాదే. ఔనె గారు మూడిళ్ల అవతల ఉంటారు. ఎనభై ఒక్కేళ్లు. ఎవరికేం కావాలన్నా పాపం ఆవిడే మీకు మెయిల్ పెడతారు. మాకు ఈ ఊరు కొత్త, తెలియలేదు. లోపలికి రండి, కాఫీ తాగుదురు గాని."

"ఊరందరికీ తెలుసా?"

"అందరికీ అని కాదు..." అని ఆవిడ నీళ్లు నమిలింది.

"మరి ఒక్కరైనా నాతో అనలేదేంటండీ?"

"ఆ అక్షరాల వరస మీరు ఎంతో ముచ్చటపడి పెట్టుకున్నారట కదా. మీ మనసు నొచ్చుకుంటుందని."

వెనకాల చక్రాల కుర్చీ కిర్రుమంది. పక్షవాతం మిలో ఎడమ చేతితోపాటు మాటల్లోని మొహమాటాన్ని కూడా ఎత్తుకుపోయిందని డాక్టర్లే చెప్పారు.

"నువ్వేనా ఆ అక్షరాల పెద్దమనిషివి?" అన్నాడు మిలో. "ఒక్క అనుమతికి నలభై తొమ్మిది రోజులయ్యా! ఆ ఆసుపత్రి పైకప్పుకి ఎన్ని పలకలున్నాయో తెలుసా? నూట ముప్ఫై రెండు. రోజూ లెక్కపెట్టాను. నేనేం పాపం చేశాను, జెలెంకాలింట్లో పుట్టడమా?"

"మిలో!" అంది జోరా. "ఏమనుకోకండి వెర్నన్ గారూ, ఆయనకి ఒంట్లో బాగాలేదు."

వెర్నన్ బాట కొలిచాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. కాఫీ తాగకుండానే వచ్చేశాడు.

అతనికి సిగ్గేసింది. కార్యాలయంలో కోటు కూడా విప్పకుండా కూర్చుని, పదకొండేళ్లుగా గీతలా నలిగి ఉన్న తేదీ కాలమ్‌ని పట్టుకుని వెడల్పు చేశాడు. దాని నెత్తిన ఒక్కసారి నొక్కాడు. పాతవి పైకొచ్చాయి. ఒక్క నొక్కుతో అయ్యే పనే అది. బెర్నడెట్ చూసీ చూడనట్టు బిల్లులు సర్దుకుంది.

అన్నిటికన్నా పైన జీబార్త్ అనే ఆయన మెయిల్ ఉంది. తొమ్మిదేళ్ల కిందటిది. మా ఆరేళ్ల పాపకి పెరట్లో చిన్న బొమ్మరిల్లు కట్టాలనుకుంటున్నాం, అనుమతి ఇప్పించగలరు, మీ వీలునుబట్టే. వెర్నన్ రెండుసార్లు చదివి, అనుమతి మంజూరైందని రాసి, క్షమించమని కూడా రాసి పంపాడు.

పావుగంటలో జవాబొచ్చింది.

"ఎంతో సంతోషం వెర్నన్ గారూ. ఆలస్యానికి ఏమీ అనుకోకండి, మీకు పని ఎక్కువని మాకు తెలుసు. పాపకి పదిహేనొచ్చాయి, ఇప్పుడు కారు నడపడం నేర్చుకుంటోంది. మీ అనుమతి చూపించాను, నవ్వింది. చెక్కలు ఇంకా షెడ్డులోనే ఉన్నాయి."