పటమటలో ఆగే కారు

దయ్యాలూ భూతాలూ నేను ఎన్నడూ నమ్మలేదు. మా అత్తగారు దిష్టి తీయడానికి నిమ్మకాయలు పట్టుకొస్తే, "వాటితో పులిహోర కలిపితే నలుగురూ తింటారు కదండీ" అన్నదాన్ని. అలాంటి నేను ఈ సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. కారు సంగతికి కాదు ఆ సిగ్గు. దయ్యాలను నమ్మనిదాన్ని, మా ఆయనకు పటమటలో చిన్నిల్లు ఉందనే మాటను మాత్రం ఇట్టే నమ్మాను.

అవి యుద్ధం రోజులు. మాది బెజవాడ గవర్నర్‌పేటలో బట్టల కొట్టు. మా ఆయన పెడన వైపు మగ్గాల ఊళ్ళు తిరిగి చీరలు తెచ్చేవారు. మూటలతో బస్సుల్లో పడలేక ఒక పాత కారు కొన్నారు. దాన్ని చెన్నపట్నం నుంచి ఒక బ్రోకరు తెచ్చాడు. డాక్టరు గారి బండి, ఇంటికీ ఆసుపత్రికీ తప్ప ఎటూ తిరగలేదు అని ప్రమాణాలు చేశాడు.

కొన్న మర్నాడు షెడ్డు మేస్త్రీ మస్తాన్ బానెట్ ఎత్తి చూసి పకపకా నవ్వాడు. లోపల ఒకచోట రేకు బదులు ఇత్తడి చెంబు ముక్క కోసి అతికించి ఉంది. "డాక్టరు గారు చెంబులతో వైద్యం చేశారాండీ?" అన్నాడు. దాన్ని అంతకుముందు ఎవరు తోలారో, ఎవరు బాగుచేశారో, ఎన్ని చేతులు మారిందో చెప్పే నాథుడు లేడు.

పెట్రోలు దొరక్క దాని వెనక బొగ్గు గ్యాసు డబ్బా బిగించారు. బొగ్గులు రాజేసి, గ్యాసు పుట్టేదాకా కాచుకుని, హ్యాండిల్ తిప్పితే కదిలేది. ఆదివారం వస్తే మా ఆయన దాని ముందే కూర్చునేవారు. గ్యాసు గొట్టంలో మసి తీయడం, ప్లగ్గులు గీకడం, గ్రీజు పెట్టడం. నాతో కంటే దాంతోనే ఎక్కువ మాట్లాడేవారు. తోలేవాళ్ళ పక్క తలుపు మామూలుగా లాగితే వచ్చేది కాదు. కాస్త పైకెత్తి లాగాలి. ఆ కిటుకు మా ఇంట్లోవాళ్ళకూ మస్తాన్‌కూ తప్ప ఇంకెవరికీ తెలియదనుకునేవాళ్ళం.

ఆ కారు బందరు రోడ్డు మీద పటమటలో ఒక పెంకుటింటి ముందు ఆగిపోయేది. వెళ్ళేటప్పుడూ అక్కడే, వచ్చేటప్పుడూ అక్కడే. కాసేపాగి హ్యాండిల్ తిప్పితే ఏమీ ఎరగనట్టు బయల్దేరేది. మస్తాన్ గొట్టాలన్నీ విప్పి కడిగాడు, కార్బురేటరు మార్చాడు, చివరికి తనే తోలి చూశాడు. తనకూ అక్కడే ఆగిందని చెప్పాడు. "అక్కడికొచ్చేసరికి గ్యాసు చల్లారుతోందమ్మా" అన్నాడు. పోయేటప్పుడు చల్లారితే సరే, వచ్చేటప్పుడు కూడా సరిగ్గా అక్కడే ఎందుకు చల్లారుతుందని అడిగితే చెవి గోక్కున్నాడు. ఇద్దరూ తోడుదొంగలే అనుకున్నాను.

ఎందుకంటే అప్పటికే పక్క కొట్టువాళ్ళావిడ నా చెవిన వేసింది. "ఏం వదినా, మీ ఇంట్లో పాడి లేదా? అన్నయ్యగారు రోజూ పటమటలో ఎవరింటి ముందో మజ్జిగ తాగుతున్నారంటగా!" అని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

భోజనాల దగ్గర మా ఆయన్ని నిలదీశాను. "ఎవరో ముసలావిడ. బండి ఆగితే పాపం దాహం ఇస్తుంది" అన్నారు. ముసలావిడంట! ఏ మొగుడైనా వయసులో ఉన్నదని చెబుతాడా? దానికితోడు మూటలో ఒక చీర తగ్గింది. అడిగితే, ఆవిడకే ఇచ్చానని దాచకుండా చెప్పారు. ఇంకేం కావాలి? ఏం చీర ఇచ్చారని అడగాలని కూడా తోచలేదు నాకు. బజారులో ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వుతున్నారనిపించేది.

మైలవరం నుంచి మా అన్నయ్యను పిలిపించాను. పెట్టె సర్దాను. పుట్టింటికి పోతాను, మళ్ళీ ఈ గడప తొక్కను అన్నాను. పోయేముందు ఆవిడెవరో చూసి నాలుగు దులిపేసి పోతానన్నాను. అన్నయ్యకు కారు తోలడం వచ్చు. మా ఆయన అడ్డు చెప్పలేదు. బొగ్గులు తనే రాజేసి, "చూసి రా" అన్నారు. ఆ మాట విని కూడా నాకు అనుమానం తీరలేదు. అంత మొండిదాన్ని.

ఇల్లు ఎక్కడో నాకు తెలియదు. పటమట చేరాక ఎవరినన్నా అడుగుదామనుకున్నాను. అన్నయ్యకు ఆ రోడ్డే కొత్త. ఎర్రటి ఎండ. ఊళ్ళోకి రాగానే కారు దగ్గినట్టు రెండు ఊపులు ఊగి ఒక పెంకుటింటి ముందు ఆగింది.

"ఇదేనా ఇల్లు?" అన్నాడు అన్నయ్య.

"నాకేం తెలుసు? ఆపింది నువ్వేగా?"

"నేను ఆపలేదే!"

నాకు ఒళ్ళు జలదరించింది. కానీ అప్పటి కోపం ముందు అదెంత? కారు దిగి, కొంగు బిగించి, నడివీధిలో నిలబడి ఆ తలుపు వంక చూస్తూ ఎన్ని మాటలన్నానో! "ఎవత్తివే లోపల? బయటికి రావే!" అన్నది వాటిలో మర్యాదైన మాట. చుట్టుపక్కల అరుగుల మీదికి జనం చేరారు.

"వస్తున్నా, వస్తున్నా" అంటూ ఒకావిడ చెంబుతో వచ్చింది. మా అత్తగారి కంటే పెద్దది. నెరిసిన తల, చెవుడు. ఒంటిమీద ముతక తెల్లచీర. ఆ నేత మా కొట్టుదే, చూడగానే గుర్తుపట్టాను. మూటలో తగ్గిన చీర అదే.

ఆవిడ నన్ను దాటుకుని సరాసరి కారు దగ్గరికి వెళ్ళి, తలుపును పైకెత్తి లాగింది. అది ఎప్పటిలా కిర్రుమని తెరుచుకుంది. లోపలున్న అన్నయ్యను చూసి, "ఇవాళ కొత్త బాబొచ్చాడే! తాగు నాయనా" అని చెంబు అందించింది. తర్వాత నావైపు తిరిగి, "నన్నేనా తల్లీ పిలిచావు?" అంది.

భూమి చీలితే అందులోకి పోదును.

ఆవిడే చెప్పింది. "మా ఇంటాయన తోలిన బండేనమ్మా ఇది. అప్పట్లో ఉయ్యూరు వైపు ఆసామిది. ఎటు పోయినా ఇక్కడాపి, చెంబెడు మజ్జిగ తాగితే గానీ కదిలేవాడు కాదు. బండి కారుతోందని నా చెంబే కోసి అతికించాడు, మహానుభావుడు! ఆయన పోయాక బండి ఎటుపోయిందో తెలీలేదు. ఉన్నట్టుండి ఒకనాడు వాకిట్లో ఆగింది. అలవాటున చెంబు పట్టుకొచ్చా."

చెంబు ముక్క గురించి మేమెవరమూ ఆవిడకు చెప్పలేదు. అన్నయ్య మజ్జిగ తాగి హ్యాండిల్ ఒక్కసారి తిప్పగానే కారు బయల్దేరింది. అంతకుముందే ఆవిడ నాకు కూడా మజ్జిగ ఇచ్చింది. తలెత్తకుండా తాగాను.

ఇంటికొచ్చి పెట్టె విప్పాను. మా ఆయన "మజ్జిగ తాగావా?" అని మాత్రం అడిగారు. ఒక దెబ్బ వేసినా ఇంత బాధ ఉండేది కాదు.

యుద్ధం అయిపోయింది. పెట్రోలు వచ్చింది. బొగ్గు డబ్బా పీకేశారు. ఇక గ్యాసు చల్లారడం అన్న మాటే లేదు. అయినా కారు అక్కడే ఆగేది. మస్తాన్ ఇంజను మొత్తం విప్పి బిగించాడు. అయినా ఆగేది. నేనూ తోడు వెళ్ళినప్పుడల్లా అరుగు మీద కూర్చుని ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడేదాన్ని. ఆ రోజు అన్న మాటలు ఆవిడకు వినబడ్డాయా అని అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, అడగలేకపోయాను.

ఒకనాడు పొద్దున ఇద్దరం పెడనలో పెళ్ళికి వెళ్తున్నాం. పటమట వచ్చింది. ఆ ఇల్లు వచ్చింది, దాటింది. కారు ఆగలేదు. ఇన్నాళ్ళకు బాగుపడిందనుకుని, "హమ్మయ్య, పీడ వదిలిందండీ!" అన్నాను. మా ఆయన ఊరి చివరిదాకా పోయి కారు వెనక్కి తిప్పారు.

ఆ ఇంటి వాకిట్లో నిప్పు రాజేసి ఉంది. నలుగురైదుగురు అరుగు మీద తలలు వంచుకుని కూర్చున్నారు. తెల్లవారుజామున పోయిందని చెప్పారు.

ఆ తర్వాత అమ్మేదాకా ఆ కారు దారిలో ఎక్కడా ఆగలేదు. ఇనుముకు ఏం తెలుస్తుంది అనేదాన్ని నేను, ఇప్పటికీ అంటాను. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ కారు తలుచుకుంటే భయం వేయదు, సిగ్గే వేస్తుంది.

ఆ పొద్దున మా ఆయన ఇంజను కట్టేసి, తలుపు పైకెత్తి తెరిచి దిగారు. అన్నాళ్ళలో ఆ ఇంటి ముందు కారును ఆయన ఆపడం అదే మొదటిసారి.