ముందు నీళ్ళు, తరవాతే చీపురు

నా చిన్నప్పుడు మేము విశాఖపట్నం వన్ టౌన్‌లో, ఒకే పెరడు చుట్టూ మూడు వాటాలున్న ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. నాన్నకు పోర్టులో ఉద్యోగం రావడంతో గోదావరి జిల్లా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాం. ఆ ఇంటి గురించి తలుచుకోగానే నాకు మొదట గుర్తొచ్చేది దుమ్ము. పోర్టులో ఓడలకెత్తే ఇనుప ఖనిజం పొడి గాలికి లేచొచ్చి ఎర్రగా అన్నిటి మీదా వాలేది. ఆరేసిన పంచెల మీద, ఎండబెట్టిన అప్పడాల మీద, పగటిపూట కునుకు తీసేవాళ్ళ కనురెప్పల మీద కూడా. పొద్దున్నా సాయంత్రం మా వాటా ఊడవడం నా వంతు. పదేళ్ళకే చీపురు పట్టడంలో నా అంతటిది ఆ వీధిలో లేదని నాకో గర్వం. ఆ గర్వమే ఒకరోజు నా ప్రాణాల మీదికి తెచ్చింది.

రెండో వాటాలో పక్కింటి అక్క ఉండేది. అప్పటికి ఆమెకు ఏడో నెల. వాళ్ళాయన ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ పనికి చీకటితోనే వెళ్ళిపోయేవాడు. మూడో వాటాలో సాయిబు తాతయ్య. తాళాలూ ట్రంకు పెట్టెలూ బాగుచేసే చిన్న కొట్టు ఆయనది. భార్య పోయింది, పిల్లల్లేరు. ఆయనకు మిగిలిన సంసారమంతా డాబా మీదే ఉండేది. చెక్కపెట్టెలు ఒకదానిమీదొకటి పేర్చి కట్టిన గూళ్ళలో పాతిక పావురాల దాకా పెంచేవారు. మా నాయనమ్మకు సాయిబు తాతయ్యంటే గౌరవమే గానీ పావురాలంటే గిట్టేది కాదు. ఒక్క రెట్ట చుక్క తన మడిబట్ట మీద పడ్డా సరే, వాటిని ఇంట్లోంచి పంపించేసేదాకా నిద్రపోనని అంటూ ఉండేది.

తాతయ్య రోజూ తెల్లవారగానే, గాలి లేవకముందే గూళ్ళు శుభ్రం చేసేవారు. నేను మెట్ల మీద కూర్చుని చూసేదాన్ని. ముక్కూ నోరూ కప్పేలా తువ్వాలు బిగించుకుని, చెంబుతో నీళ్ళు తెచ్చి, రెట్టంతా తడిసేలా చేత్తో చిలకరించేవారు. అది మెత్తబడేదాకా ఓ పక్కన కూర్చునేవారు. ఆ తరవాత పాత తాపీ ఒకటి తీసుకుని నెమ్మదిగా గీకి, గోనెసంచిలోకెత్తి, మూతి బిగించి కిందికి తెచ్చేవారు. పెరటి మూల గోతిలో దాన్ని పోసి, పైన ఎండుటాకులూ మట్టీ కప్పేవారు. నెలలు గడిచాక అదంతా నల్లటి ఎరువయ్యేది. పెందుర్తి నుంచి ఆకుకూరలు తెచ్చే ఆవిడ ఆ ఎరువు తట్టలకెత్తుకుని, పోతూ పోతూ మూడు వాటాలకూ తోటకూర కట్టలు పడేసి పోయేది.

ఈ తతంగమంతా చూసి, "ఇంతసేపెందుకు తాతయ్యా, నేనైతే రెండు నిమిషాల్లో ఊడ్చేస్తాను" అన్నాను ఓసారి. ఆయన నవ్వలేదు.

"ముందు నీళ్ళు బేటీ, తరవాతే సీపురు. ఎండిపోయిన రెట్ట దుమ్ము లేసిందంటే గుండెల్లో కూకుండిపోతాది. మా అన్న అలగే పోనాడు, దగ్గి దగ్గి" అన్నారు.

ఆ మాట నా చెవినైతే పడింది. బుర్రకెక్కలేదు.

ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు, ఆటోనగర్‌లో తాతయ్య తమ్ముడి కొడుకు వెల్డింగు షాపు తెరుస్తున్నాడని ఆయన తెల్లారకుండానే బయల్దేరారు. ఆ తొందరలో గూళ్ళు శుభ్రం చెయ్యలేదు. పావురాలకు గింజలూ నీళ్ళూ పెట్టే పని నాకు అప్పజెప్పారు. "రెట్ట జోలికెల్లకు. సాయంత్రం నానొచ్చినాక నానే తీత్తాను" అని రెండుసార్లు చెప్పి మరీ వెళ్ళారు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరూ నడుం వాల్చారు. నేను పెరట్లో తొట్టి మూత తీసి చెంబుతో నీళ్ళు ముంచుకుని డాబా ఎక్కాను. మా మూడు వాటాలకూ ఆ సిమెంటు తొట్టే ఆధారం. కొళాయి తెల్లవారుజామున ఒక గంట వచ్చేది. అప్పుడు నింపుకున్న నీళ్ళతోనే మర్నాటిదాకా అందరి వంటలూ తాగడాలూ గడవాలి. మా నాయనమ్మ మడినీళ్ళు మాత్రం వేరే, రాగిబిందెలో.

పావురాల ముంత నింపాక చెంబులో ఒక్క చుక్క కూడా మిగల్లేదు. గూళ్ళ ముందు నేలంతా తెల్లగా పెచ్చులు కట్టి ఉంది. తాతయ్య వచ్చేసరికి అద్దంలా చేసిపెడితే ఎంత మెచ్చుకుంటారో అనిపించింది. తడపాలంటే మళ్ళీ దిగాలి, మళ్ళీ ముంచాలి. నీళ్ళు పారబోస్తే అమ్మ వీపు చిట్లగొడుతుంది. అయినా దుమ్మంటే నాకేం కొత్త? రోజూ పోర్టు దుమ్ము ఊడ్చే చెయ్యి నాది. ఇదీ అలాంటిదేలే అనుకున్నాను. చీపురు తీసుకుని బరబరా ఊడ్చాను.

అప్పటికి సముద్రపు గాలి లేచి ఉంది. నేను లాగిన ప్రతి దెబ్బకూ తెల్లటి పొడి గుప్పుమని లేచి, నా మొహం మీదుగా, పిట్టగోడ దాటి పోతోంది. నేలంతా శుభ్రపడుతోందన్న సంబరంలో అది ఎటు పోతోందో చూడలేదు. అంతా అయ్యాక చీపురు దులుపుతూ పిట్టగోడ మీంచి కిందికి తొంగిచూశాను.

సరిగ్గా కిందే తొట్టి. మూత పక్కన గోడకి ఆనించి ఉంది. తీసినదాన్ని నేనే, పెట్టడం మరిచిపోయాను.

మెట్లు ఎలా దిగానో తెలియదు. నీళ్ళ మీద పిండి జల్లినట్టు తెల్లటి తెట్టు తేలుతోంది. గిన్నెతో పైపైన తోడి పారబోశాను. కొంత వచ్చింది, కొంత నా చెయ్యి తగలగానే నీళ్ళలో కలిసిపోయింది. కళ్ళు నులుముకుని చూస్తే నీళ్ళు మామూలుగానే కనిపించాయి. అది చూసి ఇంకా భయమేసింది. మా అన్న అలగే పోనాడు అన్న మాట అప్పుడు బుర్రకెక్కింది. గాల్లోంచి పోతేనే మనిషిని చంపిన దుమ్ము, నీళ్ళతో కడుపులోకి పోతే ఊరుకుంటుందా? మూత పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

కాసేపటికి పక్కింటి అక్క ఆవులిస్తూ పెరట్లోకి వచ్చి, మూత తీసి, గ్లాసుడు నీళ్ళు ముంచుకుని గటగటా తాగేసింది. వద్దని అరుద్దామని నోరు తెరిచాను. గొంతులోంచి శబ్దం రాలేదు. ఆమె రెండో గ్లాసు నోటి దగ్గర పెట్టుకునేసరికి పరుగెత్తుకెళ్ళి భుజంతో గుద్దేశాను. నీళ్ళన్నీ ఆమె చీర మీద పడ్డాయి.

"ఏటైపోనాదే నీకు? కళ్ళు కనిపిత్తన్నాయా లేదా?" అని కసిరి లోపలికి పోయింది.

ఆ సాయంత్రమంత పొడుగైన సాయంత్రం నా బతుకులో మళ్ళీ రాలేదు. అమ్మ ఆ నీళ్ళతోనే టీ పెట్టుకుంది. ఆ నీళ్ళతోనే రాత్రికి పప్పు నానబోసింది. డ్యూటీ నుంచి వచ్చిన నాన్న ఆ నీళ్ళే తాగి, అమ్మయ్య అని నిట్టూర్చారు. నాకు దాహంతో నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది, అయినా చుక్క ముట్టుకోలేదు. ఎవరు దగ్గినా, ఎవరు కడుపు నిమురుకున్నా వాళ్ళ మొహంలోకే చూస్తూ ఉండిపోయేదాన్ని. అందరం పోయాక మడిబిందె పుణ్యమా అని నాయనమ్మ ఒక్కతే మిగులుతుందనీ, పాపం ఒంటరిగా ఎలా బతుకుతుందోననీ కూడా దిగులు పడ్డాను. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు అది నిజం. ఒక్క మాట చెబితే చాలని తెలుసు. గడిచే ప్రతి నిమిషానికీ ఆ మాట ఇంకాస్త బరువెక్కింది.

పొద్దు వాలుతుండగా పక్కింటి అక్క గుమ్మంలోకొచ్చి భళ్ళున వాంతి చేసుకుంది. ఎండు నెత్తళ్ళ చేపలు వేయిస్తుంటే ఆ వాసన పడలేదని ఆమే చెప్పింది. ఆ మాట నా చెవికెక్కితేగా! నేను చంపేశాను, లోపల ఉన్న పాపాయిని కూడా చంపేశాను అనుకున్నాను. అమ్మా నాయనమ్మా ఆమె చుట్టూ చేరారు. నేను మెట్ల పక్క గోడ పట్టుకుని నిలబడిపోయాను.

సరిగ్గా అప్పుడే సాయిబు తాతయ్య ఆటోనగర్ నుంచి వచ్చారు. డాబా ఎక్కి, వెంటనే దిగి వచ్చారు. తొట్టి గట్టు మీద వేలు పెట్టి రాసి, ఆ వేలు చూసుకున్నారు. తరవాత నన్ను చూశారు. నేరుగా ఆడవాళ్ళ దగ్గరికి నడిచారు.

"అమ్మా, తొట్లో నీళ్ళు ఎవులూ తాగొద్దు, పారబోసీండి. పొద్దున్న ఎల్లీ తొందర్లో గూళ్ళు పొడిగా ఊడ్సీసేను. ఆ దుమ్ము నీళ్ళలో పడిపోనాది. తప్పు నాది" అన్నారు.

దుమ్ము అన్న మాట వినగానే నా చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ సామెత పెద్దయ్యాక ఎన్నోసార్లు వాడాను గానీ, ఆ రోజు నా భుజం మీద నిజంగానే తెల్లగా ఉంది. జడ నిండా కూడా ఉంది. మధ్యాహ్నం నుంచీ అంతమంది చూస్తూనే ఉన్నారు, ఎవరికీ అనుమానం రాలేదు. ఆయనకు ఒక్క చూపు సరిపోయింది.

నాయనమ్మ ఊగిపోయింది. "కడుపుతో ఉన్న పిల్ల తాగే నీళ్ళండీ అవి! ఇన్నాళ్ళూ పెద్దమనిషని ఊరుకున్నాను. రేపు పొద్దుటికల్లా ఆ పక్షులు ఈ డాబా మీద ఉండకూడదు, అంతే" అంది.

తాతయ్య తల వంచుకుని, "అలగేనమ్మా" అన్నారు.

ఆయన ఎదురు చెబుతారనుకున్నాను. చెప్పలేదు. రేపు పొద్దున్న ఆ గూళ్ళు ఖాళీగా ఉంటాయి, ఆయన పొద్దున్నే లేచి చెయ్యడానికి పనేమీ ఉండదు. అదంతా నా నోరు పెగలక. చెప్పాలని పెదవులు కదిపాను. నోట్లో తడి లేదు. తాతయ్య నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని తన గుమ్మంలోకి తీసుకెళ్ళారు. ఆయన కూజాలో పొద్దున్న పట్టిన కొళాయి నీళ్ళు ఇంకా ఉన్నాయి. గ్లాసు నింపి ఇచ్చారు.

"ముందు నీళ్ళు" అన్నారు.

ఇంకేమీ అడగలేదు. నేను తాగాను. ఇంకో గ్లాసు పోశారు, అదీ తాగాను. రెండో గ్లాసు సగంలో ఉండగా ఏడుపు తన్నుకొచ్చింది, దానితోపాటు మాటా వచ్చింది. గ్లాసు అక్కడే వదిలేసి పెరట్లోకి పరుగెత్తి, నాయనమ్మ ముందు నిలబడి, ఊడ్చింది నేనే, మూత మరిచిందీ నేనే, తాగుతుంటే చూస్తూ ఊరుకున్నదీ నేనే అని అరిచేశాను.

నాయనమ్మ చెయ్యెత్తింది. ఎందుకో మళ్ళీ దించేసింది. అలాగే అరుగు మీద కూలబడి, "దీని తప్పు మీరెందుకండీ నెత్తినేసుకున్నారు?" అని ఆయన్ని అడిగింది.

"దుమ్ము లేసినప్పుడు ముందు నీళ్ళు జల్లాలి కదమ్మా. ఊడ్సుకోడం ఎప్పుడైనా ఊడ్సుకోవచ్చు" అన్నారాయన.

పక్కింటి అక్క అంత నీరసంలోనూ నన్ను దగ్గరకు లాక్కుని, "నాకేటీ అవలేదు, నెత్తళ్ళే కొంప ముంచినాయి" అని నా కన్నీళ్ళు తుడిచింది. తొట్టి ఖాళీ చేసి, నేనూ తాతయ్యా కొబ్బరిపీచుతో అడుగుదాకా తోమాం. ఆ పూటకు వంటకు నాయనమ్మ తన మడిబిందె తెచ్చి నడి పెరట్లో పెట్టింది. మూడు వాటాలకూ ఆ నీళ్ళే. పావురాల ఊసు ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. వానలు పడ్డాక అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఆ పసిగుడ్డు మొదటిసారి తుమ్మినప్పుడు కూడా నా గుండె ఆగినంత పనైంది.

తొట్టి తోమిన మర్నాడు తెల్లవారి గాలి లేవకముందే తాతయ్య నన్ను డాబా మీదికి పిలిచారు. నా మొహానికి తువ్వాలు కట్టి, చేతికి చెంబు ఇచ్చారు. చీపురు ఎక్కడా కనబడలేదు, దాచేసి ఉంటారు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మా ఫ్లాట్ బాల్కనీలో ఏసీ పెట్టె వెనక పావురాలు చేరాయి. అపార్ట్‌మెంటు అంతా వాటిని తిట్టిపోస్తారు, వల కట్టమంటారు. కట్టిస్తాను, పిల్లలు ఎగిరిపోనీండి అంటూ రోజులు నెడుతున్నాను. పొద్దున్నే మూతికి గుడ్డ కట్టుకుని మగ్గుతో నీళ్ళు చిలకరించి, మెత్తబడేదాకా స్టూలేసుకుని కూర్చుంటాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ కూర్చునే అలవాటు లేకపోతే ఇంకెంతమందిని కరిచేదాన్నో.

మొన్న మా మనవరాలు బడి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. ఒక చెయ్యి వెనక్కి దాచుకుంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఏం చేశావే అని నాలుక చివరిదాకా వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, రెండో చేతికి అందించాను. అది గ్లాసు ఖాళీ చేసేదాకా నేనేమీ అడగలేదు.