కంట్లో ఎర్ర చుక్క

ఆ రోజుల్లో నాకు తెలియని పని లేదని నా నమ్మకం. డిగ్రీ చివరి పరీక్షలు రాసి, ఫలితాలు వచ్చేదాకా ఊరికే తిని కూర్చోవడం బాగుండదని మా బావ వెంట పనికి పోయేవాణ్ని. బావ అంటే అక్క మొగుడు. శంషాబాద్ చుట్టుపక్కల ఇళ్లలో పెద్ద టీవీలు, స్పీకర్లు బిగించడం ఆయన పని, వైర్ల సంచి మోయడం నా పని (చుట్టాలకు మాత్రం ఎలక్ట్రానిక్స్ లైన్లో ఉన్నానని చెప్పేవాణ్ని). వారం తిరగకముందే ఇక నేర్చుకోవలసింది ఏమీ లేదనిపించింది.

ఒక మధ్యాహ్నం కొత్వాల్‌గూడలోని ఫామ్‌హౌస్‌లో టీవీలో బొమ్మ వచ్చింది గానీ స్పీకర్లు ఉలకవు, పలకవు. టీవీ నుంచి స్పీకర్లకు శబ్దాన్ని మోసుకెళ్లేది ఆప్టికల్ కేబుల్. అందులో పారేది కరెంటు కాదు, వెలుగు. బాగా పనిచేస్తుంటే కొసన ఎర్రటి చుక్క కనిపిస్తుంది. టీవీ వెనకాల తల దూర్చిన బావ, వెలుగు వస్తోందేమో చూడమన్నాడు. అరచేయి అడ్డం పెడితే తెలిసిపోయేది. నేను మాత్రం తలుపు సందులోంచి పొరుగింటి గొడవ చూస్తున్నట్టు, కొసను కుడి కంటికి ఆనించి, రెండో కన్ను మూసి, తీరిగ్గా చూసి, ఎర్రగా భలే ఉందని చెప్పాను. ఆ మాటకు అనుమానం వచ్చి బావ తల బయటపెట్టాడు.

“కంటికి పెట్టుకొని చూసినవా? లేజర్ గిట్ల ఉంటది రా అండ్ల. కన్ను పోతది” అని, మళ్లీ టీవీ వెనక్కి వెళ్లిపోయాడు.

వెంటనే కన్ను పరీక్షించుకున్నాను. తెల్లగోడ చూస్తే గోడ మీద చుక్క, పైకప్పు చూస్తే అక్కడా చుక్క. ఒక కన్ను పోతే రెండోది కూడా పోతుందని ఎవరో ఎప్పుడో అన్నది అప్పుడే గుర్తుకు రావాలా. తొండుపల్లిలోని మా ఇంటికి రాగానే డాబా ఎక్కి, ఎడమ కన్ను మూసుకుని, పక్కనే ఉన్న విమానాశ్రయంలో దిగే విమానాల మీద రాసినవి చదవడం మొదలుపెట్టాను. అక్షరాలు ఆనితే ప్రాణం లేచి వచ్చేది, ఆనకపోతే చెమటలు పట్టేవి. చుక్క పోయిందో లేదో తేల్చుకోవడానికి పొద్దునా సాయంత్రం వెలిగే బల్బును కన్నార్పకుండా చూసేవాణ్ని. పోలేదు. చూసినప్పుడల్లా ఉంది.

అమ్మకు చెప్పే ధైర్యం లేదు. చెబితే ముందు తిట్లు, ఆ వెనక ఏడుపు, ఆపైన పాస్టరు గారొచ్చి ఇంటినిండా ప్రార్థన. కానీ చూపు పోయేలోగా అమ్మ ముఖాన్ని బాగా చూసి గుర్తుపెట్టుకోవాలని గట్టిగా అనిపించింది. నాలుగో రోజు ఆమె చిక్కుడుకాయలు తుంచుతుంటే ఎదురుగా కూర్చుని చూశాను. కనుబొమ పక్కన చిన్న గాటు ఉంది, ఎప్పుడు తగిలిందో తెలియదు. పాపిట దగ్గర తెల్లవెంట్రుకలు ఉన్నాయి. విమానం నెత్తిమీదుగా పోతుంటే మాట ఆపి, చప్పుడు దాటాక ఆపిన చోటు నుంచే అందుకుంటుంది. ఇన్నేళ్లూ ఆ ఇంట్లోనే ఉండి ఇవేవీ నేను చూడలేదు.

మర్నాడు అమ్మ గిన్నె పక్కన పెట్టింది. “ఏంది, నిన్నటి సంది నా మొకం గిట్ల జూస్తున్నవ్? ఎవరా పిల్ల?”

నేను ఏడ్చేశాను. కన్ను పోతోందని చెప్పాను. ఆమె తిట్టలేదు. కొప్పు బిగించి, చెప్పులేసుకుని, ఆటోలో శంషాబాద్ కంటి దవాఖానకు తీసుకుపోయింది. రోడ్డు దాటేటప్పుడు అప్పటికే చూపు పోయినవాణ్ని పట్టుకున్నట్టు నా చేయి పట్టుకుంది. దాటాక కూడా వదల్లేదు. దాంతో నా భయం రెట్టింపైంది.

డాక్టరమ్మ చాలాసేపు పరీక్షించి, ఆ కేబుల్లోది చిన్న దీపం వెలుగేననీ, కాసేపు చూసినందుకు ఏమీ కాదనీ చెప్పింది. మరి చుక్క? రోజూ బల్బు చూస్తే ఎవరికైనా చుక్కే కనిపిస్తుందట, అది మానెయ్యమంది. దవాఖాన మెట్ల మీద మొదలైన తిట్లు తొండుపల్లి దాకా సాగాయి. బావ వాటా బావకు ఫోన్లో అందింది.

ఇప్పటికీ మాది అదే ఇల్లు. పని నుంచి వచ్చాక అమ్మ ఏదో చెబుతూనే ఉంటుంది, నేను ఫోన్ చూసుకుంటూ ఊకొడుతూనే ఉంటాను. డాబా మీద ఒంటికన్నుతో వణికిపోయిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ నా జన్మలో అమ్మ ముఖాన్ని సరిగ్గా చూసింది వాడొక్కడే.