ఫిట్టింగ్ పెట్టే తిమ్మప్ప

కొత్తకోటలో బోరు మోటార్లు బిగించే ఫిట్టర్ తిమ్మప్ప భుజాన పైపులు తిప్పే పానా లేకుండా కనపడడు. దారిలో ఎవరి నల్లా కారుతున్నా పిలవకుండానే వెళ్లి బిగించి, పైపుకు చెవి ఆనించి విని, తనలో తానే నవ్వుకుంటూ వస్తాడు. ఫిట్టింగ్ అనే ఇంగ్లీషు మాట మోటార్లతోనే ఆ ఊరికి వచ్చింది. మొదట్లో పైపులు కలపడమే ఫిట్టింగ్. పోనుపోను ఇద్దరి మధ్య తగవు పెట్టడం కూడా ఫిట్టింగే అయింది.

ఆ రెండో అర్థమే తిమ్మప్ప పెళ్లికి అడ్డం పడింది. కూతురు ఉమారాణిని ఇచ్చే ముందు పిల్లవాడి గుణం కనుక్కుందామని లింగయ్య బస్సు దిగి, వెంకటన్న చాయ్ హోటల్లో అడిగాడు.

"తిమ్మప్పనా? ఈ ఊర్ల ఆయన ఫిట్టింగ్ పెట్టని ఇల్లే లేదు!" అన్నాడు వెంకటన్న గొప్పగా.

లింగయ్య చాయ్ సగంలోనే వదిలి లేచాడు. బస్టాండు దగ్గర తిమ్మప్పే ఎదురయ్యాడు.

"కొంపలు కూల్చేటోనికి నా బిడ్డనియ్య," అన్నాడు లింగయ్య.

"నేనా మామా? ఎవరు చెప్పిన్రు?"

"హోటలు వెంకటన్న."

తిమ్మప్ప పానాతో సహా హోటలుకు ఉరికాడు. "నేనెవరి నడుమ కొట్లాట పెట్టిన, చెప్పు!"

"మోటార్ల సంగతి చెప్పిన కదరా నాయనా!" అని మొత్తుకున్నాడు వెంకటన్న.

వెనకాలే వచ్చిన లింగయ్యకు అప్పుడు అర్థమైంది. ఇద్దరి మధ్యకు దూరి, "ఆగు అల్లుడా, ఈ ఫిట్టింగ్ పెట్టింది నేనే," అన్నాడు.

అందులో తిమ్మప్పకు 'అల్లుడా' ఒక్కటే వినిపించింది.