నష్టం రాయని అకౌంటెంట్ గారు

మా అకౌంటెంట్ గారు పోయారు. మొన్న ఉదయం డ్యూటీ బస్సు ఎక్కుతుంటే ఆయన సొంతూరు భీమవరం నుంచి ఫోన్ వచ్చింది. గుండె నొప్పి వచ్చి కొద్ది రోజులు ఆసుపత్రిలో ఉన్నారట. బస్సులో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఆయన్ని ఎరిగినవాళ్ళు అందులో లేరు. మాతో పనిచేసిన వాళ్ళంతా ఏనాడో ఊళ్ళకు వెళ్ళిపోయారు. అందుకే మీకు చెబుతున్నాను.

ఇక్కడ ఖతార్‌లో పన్ను ఉండదని మీరూ వినే ఉంటారు. మా జీతాల మీద లేదు, నిజమే. కానీ బయటి దేశం నుంచి వచ్చి పని పట్టిన కంపెనీ తన లాభంలో పదో వంతు సర్కారుకు కట్టాలి. కట్టి, ఇక బాకీ ఏమీ లేదని పన్ను ఆఫీసు నుంచి కాగితం తెచ్చుకోవాలి. అది చూపిస్తేనే పని ఇచ్చినవాళ్ళు ఆఖరి బిల్లు వదులుతారు. ఇదంతా నాకు నేర్పింది ఆయనే. "చర్చిలోనూ దశమభాగం, ఇక్కడా దశమభాగం. నాకేం కొత్త కాదోయ్" అని నవ్వేవారు.

దోహాలో, మదీనత్ ఖలీఫా అనే పేటలో ఒక విల్లా వెనక గది మా ఆఫీసు. నేను జగిత్యాల వైపు వాణ్ణి, ఆ కంపెనీలో టైమ్ కీపర్ని. ఆయన ఏ కాగితమైనా పైకి చదివిగానీ సంతకం పెట్టేవారు కాదు. ఓవర్‌టైమ్ షీటు ఇచ్చినా పేరు పేరునా చదివేవారు, నాకు ఒళ్ళు మండేది. "చదవకుండా పెడితే ఆ సంతకం నాది కాదోయ్, ఇంకెవరిదో" అనేవారు. టీ సాసర్‌లో పోసుకుని తాగేవారు. నా డబ్బాలోని పచ్చిపులుసును కాచడం మరిచిపోయిన చారు అని వెక్కిరించి, సగం ఆయనే తాగేసేవారు.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు స్టేడియాలకు రోడ్లు వేస్తున్న కాలం అది. ఎటు చూసినా క్రేన్లే. ఆ రోడ్ల కింద మా కంపెనీ డ్రైనేజీ పైపులు వేసింది. పని అయిపోగానే పెద్దవాళ్ళంతా సంతకం చేసే అధికారం ఆయనకు రాసిచ్చి విమానం ఎక్కేశారు. షహానియా దారిలోని లేబర్ క్యాంపులో పైపులు వేసిన మావాళ్ళు మిగిలారు. వాళ్ళకు ఆఖరి జీతాలు, సర్వీసు డబ్బులు రావాలంటే ఆఖరి బిల్లు రావాలి. బిల్లు రావాలంటే పన్ను ఆఫీసు కాగితం రావాలి. ఆ కాగితం వచ్చేదాకా దేశం దాటనిచ్చే ఎగ్జిట్ కాగితం ఎవరిదైనా సంతకం పెట్టనని, మా వీసాలకు పూచీ ఉన్న ఇక్కడి కఫీల్ తేల్చి చెప్పాడు.

లెక్కలు కడితే లాభం తేలింది. హెడ్డాఫీసుకు అది రుచించలేదు. వేరే దేశంలో వాళ్ళు కడుతున్న ఒక వంతెన ఖర్చును మా లెక్కల్లో కలిపి నష్టం చూపించమన్నారు. నష్టం ఉంటే పన్నే ఉండదు. ఆ వంతెనను మా పైపుల మీద కట్టలేదు కదండీ అని ఆయన ఫోన్‌లో నెమ్మదిగా అడిగారు. ఎదురుగా కూర్చున్న నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన ఉన్న లాభం ఉన్నట్టే రాసి, సంతకం పెట్టి, దాఖలు చేశారు. హెడ్డాఫీసు పన్ను డబ్బు పంపకుండా చేతులు ముడుచుకు కూర్చుంది.

ఇక మొదలైంది మావాళ్ళ కష్టం. పక్క క్యాంపు కంపెనీ నష్టం చూపించి కాగితం తెచ్చుకుందని, అక్కడివాళ్ళు డబ్బు తీసుకుని ఇళ్ళకు పోతున్నారని తెలిసింది. మావాళ్ళు కిరాణా కొట్లో అప్పు పెట్టి బియ్యం తెచ్చుకుంటున్నారు. బ్యాంకు ఆలస్యం అని చెప్పమని పైనుంచి మాట వచ్చింది. ఆయన చెప్పలేదు. ప్రతి శుక్రవారం, ఇక్కడి సెలవు రోజున, చర్చి నుంచి నేరుగా క్యాంపుకు వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేవారు. ఇక్కడ టాక్సే లేదంటే ఈయన ఏ టాక్స్ సంగతి చెబుతున్నాడని మావాళ్ళు గొణుక్కున్నారు. ఫులూస్, అదే మా డబ్బు, ఆయనే మింగాడని కూడా అన్నారు. కొన్నాళ్ళకు ఆయనకు కుర్చీ వెయ్యడం మానేశారు.

మ్యాన్‌హోళ్ళు కట్టే మేస్త్రి ఒకడుండేవాడు, మా పక్క మండలం వాడే. ఊళ్ళో వాళ్ళ నాన్నకు సీరియస్‌గా ఉందని కబురొచ్చింది. అకౌంటెంట్ గారు కఫీల్ ఇంటికి వెళ్ళి పొద్దంతా వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే మజ్లిస్‌లో కూర్చున్నారు. ఈ ఒక్కడినీ పంపండి, వీడి బదులు నేను ఎన్నాళ్ళైనా ఉంటానన్నారు. ఖర్జూరాలు పెట్టారు, కాఫీ ఇచ్చారు, సంతకం మాత్రం ఇవ్వలేదు. మేస్త్రి తండ్రి పోయాడు. తలకొరివి తమ్ముడు పెట్టాడు. తండ్రి సచ్చిపోతే రాకుండ దుబాయిల ఏం రాజ్యమేలుతున్నవురా అని మేనమామ ఫోన్‌లో తిట్టాడు. మావైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

ఆ శుక్రవారం కూడా ఆయన వచ్చారు. మేస్త్రి బాత్‌రూమ్‌లో తనే గుండు గీసుకుని, తడి తువ్వాలుతో మంచం మీద కూర్చున్నాడు.

"మా నాయిన పోయిండు సార్. మీ కాగితం అచ్చిందా?" అన్నాడు.

"రాలేదు బాబూ" అన్నారు ఆయన.

ఆయన బూట్లు విడిచి కింద గచ్చు మీద కూర్చున్నారు. ఎవరూ పలకరించలేదు, నేనూ పలకరించలేదు. నాకు ఆయన మీద పట్టరాని కోపంగా ఉంది. ఒక్క గీత అబద్ధం రాస్తే వీడు తండ్రిని చూసుకునేవాడు కదా అనుకున్నాను. సాయంత్రం దాకా అలాగే కూర్చుని, లేచి వెళ్ళారు.

చలికాలం మొదలయ్యాక హెడ్డాఫీసు దిగొచ్చింది. పన్ను కంటే ఆఖరి బిల్లు పెద్దదని అప్పటికి తెలిసొచ్చినట్టుంది. పన్ను కట్టారు, కాగితం వచ్చింది, పైసా తక్కువ కాకుండా మావాళ్ళకు డబ్బు అందింది. సెటిల్‌మెంటు కాగితాలు కూడా ఆయన పైకి చదివి వినిపించాకే సంతకాలు పెట్టించుకున్నారు. మేస్త్రి ఆయన ముఖం చూడకుండా వేలిముద్ర వేసి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక ఆయన్ని ఎయిర్‌పోర్టుకు దింపడానికి వెళ్ళాను. చేసింది తప్పనిపించలేదా సార్ అని అడిగేశాను.

"ఆ అబద్ధం రాయడం నా వల్ల కాలేదోయ్. ఆ అబ్బాయి తండ్రిని చూడలేకపోయింది నా వల్లే. రెండూ నిజమే. ఏది ఎక్కువో నాకు లెక్క తేలడం లేదు" అన్నారు.

నాకూ తేలలేదు, ఇప్పటికీ. కాగితాన్ని గౌరవించడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నేను ఇవాళ తింటున్న అన్నం ఆ చదువుదే. ఆయన్ని తలుచుకుంటే చేతులు జోడించబుద్ధవుతుంది, ఆ వెంటనే కోపమూ వస్తుంది. మంచివాళ్ళు చేసిన పనికి పక్కవాళ్ళు ఎందుకు బలవ్వాలో నాకు అర్థం కాదు.

నిన్న మేస్త్రికి ఫోన్ చేశాను. ఊళ్ళో ఎవరిదో గోడ కడుతున్నాడు. మాట్లాడుతూనే పని చేస్తున్నాడు, ఇటుక మీద తాపీ చప్పుడు వినబడుతోంది. సార్ పోయిండని చెప్పాను. చప్పుడు ఆగింది.

"పిల్లలు ఆఖరి సూపుకు అందిన్రా?" అని అడిగాడు.

"బిడ్డ అందింది. కువైట్ల నర్సు. పానం ఉండంగనే అచ్చి చెయ్యి పట్టుకున్నదట" అన్నాను.

"మంచిగైంది" అన్నాడు. ఫోన్ పెట్టలేదు. తాపీ చప్పుడు మళ్ళీ వినిపించడానికి చాలాసేపు పట్టింది.