వేళ్లు ఆడుతున్నాయని ఊరుకున్నాం

పొద్దున్నే జడ వేసుకోబోతే కుడి చేయి లేవలేదు. ముందురోజు ఆదోనిలో పెళ్లి చూసుకుని మా ఆయన బండి మీద ఎమ్మిగనూరు వస్తుంటే కుక్క అడ్డమొచ్చి, నేను ఎగిరి భుజం మీద పడ్డాను. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఎముకలు బాగున్నాయన్నారు. అయినా మోచేయి వంగడం లేదు. చేయి ఎవరిదో అన్నట్టు వేలాడుతోంది.

మాది మగ్గం ఇల్లు. మా అత్త తెగిన పోగులు నా ఒళ్లో పెట్టి అతకమంది. అతికాను. "సూడు, ఏళ్లు సుబ్బరంగా ఆడతాండాయి. సెయ్యికేమీ కాలేదు, వాపు దిగితే లేస్తాది" అంది. మాకు చేయి బాగుందంటే పోగు అతకడమే. నేనూ నమ్మాను. రోజూ నూనె మర్దన చేస్తూ నాలుగు నెలలు పోగొట్టాం. భుజం కింద దండ సన్నబడి రవిక చేయి వదులైనప్పుడు గానీ భయం పుట్టలేదు.

కర్నూలులో నరాల పరీక్ష ఈఎంజీ, ఎమ్మారై చేశారు. "బ్రేకియల్ ప్లెక్సస్ ఇంజురీ. మెడ దగ్గర సీ ఫైవ్, సీ సిక్స్ నరాల వేర్లు ఊడిపోయాయమ్మా. వేళ్లకు పోయే నరాలు వేరు, అందుకే అవి ఆడుతున్నాయి" అన్నాడు డాక్టరు. ఆరు నెలల్లోపే నర్వ్ ట్రాన్స్‌ఫర్ చేయాలట, ఆలస్యమైతే కండ పనికిరాదట. వేళ్లకు పోయే నరంలోంచే ఒక పాయ తీసి మోచేయి వంచే కండకు కలుపుతారట.

నాకు ఒళ్లు మండింది. "ఉండేవి ఆ ఏళ్లే కదా సార్! అవీ పోతే నేనేం చేసుకొని బతకాల?"

బయట మా ఆయన అన్నాడు: "సెయ్యి నీది. నువ్వు ఊ అంటే సేపిద్దాం, లేదంటే ఇంటికి పోదాం పద."

ఏడ్చి ఏడ్చి ఊ అన్నాను.

ఆపరేషన్ అయ్యాక చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారాయి. పోగు పట్టు చిక్కలేదు. మా ఆయన్ను తిట్టని తిట్టు లేదు. కొన్ని వారాలకు స్పర్శ వచ్చింది, మోచేయి మాత్రం కదల్లేదు. ఫిజియోథెరపీలో బంతి పిసుకుతూ చేయి వంచమనేవారు. విసిగిపోయి బంతిని గోడకేసి కొట్టాను కూడా.

ఒక పొద్దున టిఫినుకు ఉగ్గాని చేద్దామని నానబెట్టిన బొరుగులు పిండుతున్నాను. పిడికిలి బిగించగానే మోచేయి తనంతట తాను కాస్త ఎగిరింది. మళ్లీ బిగించాను. మళ్లీ ఎగిరింది. "ఓయమ్మా, సెయ్యి లేస్తాందే!" అని మా అత్త అరిచింది. ఆ రోజు ఉగ్గాని ఎవరూ చేయలేదు.

ఇప్పుడు నా చేత్తో నేను తింటున్నాను. దండెం మీద గుడ్డలు ఆరేయడానికి భుజం అంత పైకి లేవదు. మగ్గం ఒక పూటే నేస్తాను.

మొన్న ఆదోని పత్తి మార్కెట్లో ఒక హమాలీ లారీ మీద నుంచి భుజం మీద పడ్డాడట; ఎవరో నా సంగతి చెబితే ఆయన భార్య నాకు ఫోన్ చేసింది.

"ఎక్స్‌రే బాగుందన్నారక్కా. అమావాస్య పోనీ, మళ్లీ సూపిస్తాం."

"ఆయప్ప తన సేత్తో ముద్ద నోట్లో పెట్టుకుంటాండాడా?"

"లేదక్కా, నేనే తినిపిస్తాండా."

"అమావాస్యా లేదు, పున్నమీ లేదు. ఈ పూట తినిపించి, నరాల డాక్టరు కాడికి బస్సెక్కించు."